తొడ నుంచి ఫ్లాప్ తీసి కాలి గాయానికి వేస్తామంటున్నారు: ఉన్న మంచి కాలిని కూడా కోయించుకోవాలా?

తమ్ముడికోసం
మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. పది రోజుల క్రితం జరిగిన ప్రమాదంలో కుడి కాలి ఎముక చీలమండకు కొంచెం పైన విరిగి, చర్మాన్ని చీల్చుకుని బయటకు వచ్చింది. బయట నుంచి రాడ్లు బిగించి, రెండుసార్లు థియేటర్‌కు తీసుకెళ్లి గాయాన్ని శుభ్రం చేశారు. ఇప్పుడు అరచేయంత మేర చర్మం లేదు. డ్రెస్సింగ్ మార్చినప్పుడల్లా ఎముక తెల్లగా కనిపిస్తోంది. నిన్న ప్లాస్టిక్ సర్జన్ వచ్చి చూసి, ఎడమ తొడ నుంచి చర్మాన్ని, దాని కింది కొవ్వును రక్తనాళంతో సహా తీసి ఇక్కడ వేయాలని, ఎనిమిది గంటల దాకా పట్టవచ్చని చెప్పారు. మా అమ్మ అప్పటి నుంచి ఒకే మాట అంటోంది: "దెబ్బ తగిలిన కాలు సరే, ఏ దెబ్బా లేని కాలిని ఎందుకు కోస్తారు?" ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. పక్క మంచం మీద కాలిన గాయంతో ఉన్న వ్యక్తికి తొడ నుంచి పలచటి చర్మం తీసి గంటన్నరలో వేసి తీసుకొచ్చారు. మా వాడికి అలా ఎందుకు కుదరదు? ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

ముందడుగు
నాలుగేళ్ల క్రితం నాది కూడా ఇదే గాయం, ఇదే చోటు. మా ఇంట్లో కూడా మీ అమ్మగారి మాటే వినిపించింది. ఈ రోజు నేను రెండు కాళ్ల మీదా నడుస్తున్నాను. రాత్రికి వివరంగా రాస్తాను. పక్క మంచం వ్యక్తికి వేసినదీ మీ తమ్ముడికి వేయబోయేదీ పూర్తిగా వేరని మాత్రం ముందుగా చెబుతున్నాను.

సూక్ష్మదర్శిని
నేను ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో పనిచేస్తున్నాను. మీ తమ్ముడిని చూడలేదు కనుక ఆయన విషయంలో తీర్పు చెప్పను, పద్ధతి మాత్రం వివరిస్తాను.

పక్క మంచం వ్యక్తికి వేసినది గ్రాఫ్ట్. చర్మం పైపొరను, లోపలి పొరలో కొంత భాగాన్ని పలచగా చెక్కి తీసిన ముక్క అది. దానికి సొంత రక్తనాళం ఉండదు. మొదటి ఒకటి రెండు రోజులు కింది గాయంలో ఊరే ద్రవంతోనే బతుకుతుంది. ఆ తరువాత కింది నుంచి సన్నని నాళాలు దానిలోకి పాకి నిలబెడతాయి. అంటే గ్రాఫ్ట్ పట్టాలంటే దాని కింద రక్తం పారే నేల ఉండి తీరాలి. కండ మీద, ఎర్రగా పూడుతున్న గాయం మీద చక్కగా పడుతుంది. పైపొర ఊడిపోయిన ఎముక మీద, తొడుగు పోయిన స్నాయుబంధనం (కండను ఎముకకు కలిపే తాడు) మీద, బిగించిన లోహపు ప్లేటు మీద పట్టదు. బండ మీద నారు వేస్తే వేరు ఎక్కడికి పోతుంది?

ఫ్లాప్ అలా కాదు. చర్మం, కొవ్వు, అవసరమైతే కింది పొర, వాటిని పోషించే ధమని, సిర అన్నీ ఒకే ముక్కగా వస్తాయి. ఆ ధమనిని కాలి ధమనికి, సిరను కాలి సిరకు కలిపిన క్షణం నుంచి ఫ్లాప్ తన రక్తాన్ని తానే తెచ్చుకుంటుంది. కింద ఎముక ఉన్నా, ప్లేటు ఉన్నా దానికి ఫరవాలేదు. పైగా ఆ ఎముక ఎండిపోకుండా, చీము పట్టకుండా కాపాడే తడి కప్పు అవుతుంది. ఆరు నెలల తరువాత ఎముకల డాక్టరు మళ్లీ లోపలికి వెళ్లాల్సి వస్తే ఆ అంచును లేపి, పని ముగించి తిరిగి కుట్టవచ్చు. గ్రాఫ్ట్‌ను అలా లేపలేము.

ఇక పక్క నుంచే ఎందుకు తిప్పి కప్పకూడదంటే, అది గాయం ఉన్న చోటును బట్టి ఉంటుంది. మోకాలి కింద మొదటి మూడో వంతులో పిక్క కండ దొరుకుతుంది, మధ్య భాగంలో దాని కింద ఉండే సోలియస్ కండ అందుతుంది. చీలమండకు దగ్గరైన చివరి మూడో వంతులో కండ దాదాపు ఉండదు, స్నాయుబంధనాలే ఉంటాయి, చర్మం కూడా బిగుతుగా ఉంటుంది. గాయం చిన్నదైతే పక్క చర్మాన్ని తిప్పి సరిపెట్టే పద్ధతులు ఉన్నాయి. గాయం అరచేయంత ఉన్నప్పుడు, చుట్టూ ఉన్న చర్మం కూడా అదే ప్రమాదంలో నలిగినప్పుడు, దూరం నుంచి తేవడమే మేలు.

చిన్నసందేహం
దూరం నుంచే తేవాలంటే తొడే ఎందుకు? పొట్ట, వీపు, చెయ్యి కూడా ఉన్నాయి కదా?

సూక్ష్మదర్శిని
ముంజేతి ఫ్లాప్ పలచగా, నమ్మకంగా ఉంటుంది, కానీ అరచేతికి వెళ్లే రెండు పెద్ద ధమనుల్లో ఒకదాన్ని వదులుకోవాలి, మచ్చ జీవితాంతం ఎదుటివారికి కనిపిస్తుంది. వీపు నుంచి తీయాలంటే రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అప్పుడు కాలి దగ్గర ఒక బృందం, వీపు దగ్గర ఒక బృందం ఒకేసారి పనిచేయడం కష్టమవుతుంది. తొడ దగ్గర ఈ రెండు చిక్కులూ లేవు.

మనం మాట్లాడుకునేది తొడ ముందు భాగంలో, బయటి వైపు ఉన్న చర్మం గురించి. 1984లో చైనా సర్జన్ సాంగ్, ఆయన సహచరులు దీన్ని మొదటిసారి వర్ణించారు. జపాన్‌లో కోషిమా వంటివారు దీన్ని ముందుకు తీసుకెళ్లారు, తైవాన్‌లో ఫూ చాన్ వెయ్ బృందం 2002లో తమ 672 ఫ్లాప్‌ల అనుభవాన్ని ప్రచురించింది. వాటిలో పూర్తిగా పోయినవి రెండు శాతం లోపే. అన్ని చోట్లా అదే ఫలితం వస్తుందని దీని అర్థం కాదు, చేయి తిరిగిన బృందం ఎంత దూరం వెళ్లగలదో అది చూపింది.

ఈ ఫ్లాప్‌కు ఆధారం తొడ లోపలి నుంచి కిందికి దిగే ఒక ధమని కొమ్మ. రెండు కండల మధ్య సందులో దిగుతుంది. దాని నుంచి చర్మంలోకి పొడుచుకుని వచ్చే చిన్న నాళాలను పర్ఫొరేటర్లు అంటాము. అవి సందులోంచి నేరుగా వస్తే పని సులువు. ఎక్కువ మందిలో బయటి వైపు కండలోంచి తొలుచుకుని వస్తాయి. వెయ్ బృందం చూసినవాటిలో దాదాపు 87 శాతం అలాంటివే. కండను చీల్చకుండా, దాని పోగులను విడదీస్తూ ఆ సన్నని నాళాన్ని మొదలు దాకా వెంబడించాలి. మీ సర్జన్ చెప్పిన ఎనిమిది గంటల్లో పెద్ద భాగం ఈ ఓపికకు, ఆ తరువాత మైక్రోస్కోప్ కింద వేసే కుట్లకు పోతుంది. అంత ఓపిక పట్టినందుకు ఎనిమిది నుంచి పదహారు సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్లకు పైబడిన వెడల్పు ఉన్న రక్తనాళం చేతికి వస్తుంది. కాబట్టి దాన్ని నలిగిన ప్రాంతంలో కాకుండా, పైన దెబ్బ తగలని ధమని దాకా తీసుకెళ్లి కలపగలుగుతాము.

తమ్ముడికోసం
ఇంత విడమరిచి చెప్పినవారు ఇంతవరకు ఎవరూ లేరు. అమ్మకు చదివి వినిపించాను. ఆమె నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది: అదే కుడి కాలి తొడ నుంచి తీస్తే రెండో కాలైనా మచ్చ లేకుండా మిగులుతుంది కదా?

సూక్ష్మదర్శిని
అమ్మగారి ప్రశ్న చాలా సరైనది. ఒకే కాలిలో రెండు పనులూ ముగించి, రెండో కాలిని ఊతంగా ఉంచాలని చాలామంది సర్జన్లు కోరుకుంటారు. దెబ్బ తగిలిన కాలి తొడలో కూడా వాపో, గాయమో, రక్తనాళం మీద అనుమానమో ఉంటే రెండో తొడకు వెళతారు. మీ తమ్ముడి విషయంలో కారణం ఏమిటో సర్జన్‌నే అడగండి. ఆ ప్రశ్న అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఎముకలపని
నాది ఎముకల విభాగం. సూక్ష్మదర్శిని గారు చెప్పినదాంట్లో చాలా భాగాన్ని ఒప్పుకుంటాను, రెండు చోట్ల నా మాట చేర్చాలి.

మొదటిది, కాలం. మార్కో గొడినా అనే సర్జన్ లుబ్లియానాలో చేసిన 532 శస్త్రచికిత్సల ఫలితాలు 1986లో వెలువడ్డాయి. గాయమైన 72 గంటల లోపు ఫ్లాప్ వేసినవారిలో ఫ్లాప్ పోవడం, ఎముకకు చీము పట్టడం చాలా తక్కువగా ఉన్నాయి. ఆలస్యమైనవారిలో అవి బాగా పెరిగాయి. ఇక్కడ పది రోజులు గడిచాయి. ఇంట్లోవారు ఇంకా తర్జనభర్జన పడుతూ మరో రెండు వారాలు పోనిస్తే ఆ బయటపడ్డ ఎముక చచ్చిపోతుంది, అప్పుడు ఎముకను కూడా కోసి తీసేయాల్సి వస్తుంది.

రెండవది, చీము భయం ఉన్న ఎముక మీద చర్మం కంటే కండతో చేసిన ఫ్లాప్ మేలని మాకు నేర్పారు. కండలో రక్తం ఎక్కువ, మూలల్లోకి ఒదుగుతుంది. ఆ మాటను పూర్తిగా కొట్టివేయడం నాకు ఇష్టం లేదు.

సూక్ష్మదర్శిని
కాలం విషయంలో మీతో ఏకీభవిస్తాను, అయితే పది రోజులంటే అవకాశం చేజారిందని ఆ కుటుంబం భయపడకూడదు. గొడినా రోజుల్లో లేని వాక్ మెషీన్లు, అంటే గాయంలోని ద్రవాన్ని పీల్చే యంత్రాలు, ఇప్పుడు ఉన్నాయి, వాటితో గాయాన్ని మూసి ఉంచి కొంత గడువు సంపాదిస్తాము. ఆలస్యమైనప్పుడు రక్తనాళాలు వాచి, చుట్టూ గట్టిపడి, కలపడానికి మొండికేస్తాయి. అందుకే పొడవైన నాళంతో దూరంగా వెళ్లి కలుపుతాము.

కండ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. చచ్చిన ఎముకను, కణజాలాన్ని నిక్కచ్చిగా తీసేసిన తరువాత కండ వేసినా, చర్మం వేసినా ఎముక అతుక్కోవడంలో, చీములో పెద్ద తేడా కనిపించలేదన్నదే ఇటీవలి అనుభవం. చర్మపు ఫ్లాప్‌ను మీవారు మళ్లీ లేపడం కూడా తేలిక. లోతైన గుంత ఉంటే ఇదే తొడ నుంచి, ఇదే నాళం మీద, కొంత కండ ముక్కను కూడా కలిపి తెచ్చి గుంతలో నింపుతాము. అప్పుడు మీ మాటా నిలుస్తుంది, నా మాటా నిలుస్తుంది.

ఎముకలపని
గుంత ఉన్నప్పుడు కండ కలిపి తేవడం నాకు సమ్మతమే. నిక్కచ్చిగా శుభ్రం చేయడమే అసలు పని అన్న మాటను మాత్రం మా విభాగంలో గోడ మీద రాయాలి.

పాతకాపు
మా బావమరిదికి కూడా ఎముక కనిపించిన గాయమే. మూడు వారాలు వాక్ మెషీన్ పెట్టారు, గాయం ఎర్రగా పూడింది, పైన పలచటి చర్మం వేసి పంపించారు. ఫ్లాప్ అవసరమే పడలేదు. అందరినీ పెద్ద ఆపరేషన్‌కు తోయడం సరికాదని నా అభిప్రాయం.

ఎముకలపని
మీ బావమరిది గారి ఎముక మీద పైపొర మిగిలి ఉండి ఉంటుంది. ఆ పొర బతికి ఉంటే దాని మీద ఎర్రటి కణజాలం పెరుగుతుంది, గ్రాఫ్ట్ కూడా పడుతుంది. తమ్ముడికోసం గారు ఎముక తెల్లగా కనిపిస్తోందని రాశారు. పైపొర పోయిన ఎముక మీద నెలల తరబడి మెషీన్ నడిపితే బయట పూడినట్టే ఉండి, లోపల చీము గూడు కడుతుంది. పైగా చీలమండ దగ్గర ఎముకకు అంటుకుపోయిన పలచటి చర్మం, బూటు రాసుకున్నప్పుడల్లా పగులుతుంది. మెషీన్ ఫ్లాప్ దాకా చేర్చే వంతెన, దానికి బదులు కాదు.

ముందడుగు
రాస్తానన్న మాట ప్రకారం రాస్తున్నాను. నాకు తీసినది తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పంతొమ్మిది సెంటీమీటర్ల పొడవు ఉన్న ముక్క. ముందు రోజు సాయంత్రం సర్జన్ వచ్చి, నడుం ముందు పొడుచుకు వచ్చే ఎముక నుంచి మోకాలి చిప్ప బయటి అంచు దాకా పెన్నుతో గీత గీశారు. ఆ గీత మధ్యలో ఒక వృత్తం గీసి, నాళంలో రక్తం పారే చప్పుడును వినిపించే పెన్ను లాంటి డాప్లర్‌ను దాని మీద కదుపుతూ విన్నారు. ఒక చోట 'సూ, సూ' మని గాలి విసిరినట్టు చప్పుడు వచ్చింది. అక్కడ చుక్క పెట్టి, "ఇదే మీ కాలిని కాపాడే నాళం" అన్నారు. నా గుండె చప్పుడును తొడలో విన్న ఆ క్షణంలో భయం సగం తగ్గింది.

తొడ కుట్లు నేరుగా మూసుకున్నాయి. ఇంతకంటే వెడల్పుగా తీయాల్సి వస్తే తొడ మీద కూడా గ్రాఫ్ట్ వేయాల్సి ఉంటుందని ముందే చెప్పారు. ఇప్పుడు తొడ మీద ఒక పొడవాటి గీత ఉంది, నిక్కరు వేస్తే కనిపిస్తుంది. తొడ బయటి వైపు ఒక జానెడు మేర స్పర్శ లేదు. మొదటి ఏడాది అక్కడ గోకితే ఎవరి తొడనో గోకుతున్నట్టు ఉండేది, ఇప్పుడు అలవాటైంది. మెట్లు ఎక్కడం, గొంతుక్కూర్చోవడం మూడో నెలకల్లా వచ్చాయి. నేను చెప్పుకోదగ్గ కష్టం ఏదైనా ఉందంటే అది తొడలో లేదు, కాలి మీద వేసిన ఫ్లాప్ ఉబ్బెత్తుగా ఉండడంలో ఉంది. ఎనిమిది నెలల తరువాత కొవ్వు తీసి పలచన చేసేదాకా నాకు బూటు పట్టలేదు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. "నాన్న పాదం మీద చిన్న తొడ ఉంది" అని అందరికీ చూపించేది.

రెండుసార్లు
అన్నీ మంచి కబుర్లే వస్తున్నాయి కనుక నా కథ కూడా ఉండాలి. నాకు మొదటి ఫ్లాప్ పోయింది. ఆపరేషన్ జరిగిన రెండో రాత్రి ఒంటిగంటకు ఫ్లాప్ నీలంగా మారిందని నా భార్య గమనించి చెప్పింది. డ్యూటీలో ఉన్నవారు ఉదయం డాక్టరు వస్తారని చెప్పి వెళ్లిపోయారు. ఉదయం ఏడు గంటలకు సర్జన్ వచ్చేసరికి సిరలో రక్తం గడ్డకట్టి ఆరు గంటలు దాటింది. థియేటర్‌కు పరుగెత్తించారు, ఫలితం లేకపోయింది. మూడు వారాల తరువాత రెండో తొడ నుంచి మరొకటి తీశారు, అది నిలిచింది. నాకు రెండు తొడల మీదా మచ్చలు ఉన్నాయి. ఆపరేషన్ మీద నాకు కోపం లేదు, ఆ రాత్రి మీద ఉంది. తమ్ముడికోసం గారూ, సర్జన్ ఎంత గొప్పవారో అడగడంతో పాటు, రాత్రి పూట ఎవరు చూస్తారో, ఎన్ని గంటలకు ఒకసారి చూస్తారో, తేడా వస్తే థియేటర్ ఎంతసేపట్లో తెరుచుకుంటుందో అడగండి.

రాత్రిడ్యూటీ
రెండుసార్లు గారి పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పదకొండేళ్లుగా ఫ్లాప్ వార్డులో నర్సుగా ఉన్నాను. ఆ ఆరు గంటలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మీ భార్య గారు సరిగ్గా చూశారు, సరైన సమయంలో చెప్పారు. ఆమె మాట వినాల్సిన బాధ్యత మా వృత్తిది.

మేము మొదటి రోజంతా గంటకొకసారి చూస్తాము, ఆ తరువాత వ్యవధి కొద్దికొద్దిగా పెంచుతాము. గడ్డకట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే జరుగుతుంది. చూసేది ఏమిటంటే, రంగు, వెచ్చదనం, మెత్తదనం, వేలితో నొక్కి వదిలితే రంగు ఎంతసేపట్లో తిరిగి వస్తుందన్నది, సర్జన్ గుర్తు పెట్టిన చోట డాప్లర్ చప్పుడు. బాగున్న ఫ్లాప్ తొడ చర్మం రంగులోనే ఉండి, వెచ్చగా ఉండి, నొక్కితే రెండు మూడు సెకన్లలో నిండుతుంది. ధమని మూసుకుంటే పాలిపోయి, చల్లబడి, మెత్తగా వాలిపోతుంది, నొక్కినచోట రంగు రాదు. సిర మూసుకుంటే నీలంగా, బిగిసి, ఉబ్బి ఉంటుంది, నొక్కి వదలగానే చటుక్కున నిండుతుంది. సూది మొనతో పొడిస్తే నల్లటి రక్తం గబగబా వస్తుంది. ఈ రెండోదే ఎక్కువగా చూస్తాము. రంగు త్వరగా నిండుతోంది కదా, బాగానే ఉందని కొత్తవారు మోసపోయేది కూడా ఇక్కడే. ముదురు రంగు చర్మం మీద నీలం పోల్చుకోవడం కష్టం, అందుకే కంటి మీదే ఆధారపడకుండా చేత్తో తాకి, డాప్లర్‌తో విని, పొడిచి చూస్తాము.

త్వరగా పట్టుకుని థియేటర్‌కు తీసుకెళితే వాటిలో ఎక్కువ భాగం దక్కుతాయి. ఇంటివారు చేయగలిగినవి కూడా ఉన్నాయి. గది చల్లగా ఉండకూడదు, రోగికి వణుకు రాకూడదు, ఫ్లాప్ మీద బరువు గానీ బిగుతు కట్టు గానీ పడకూడదు, కాలు ఎత్తులోనే ఉండాలి. పొగ తాగేవారు ఎవరూ ఆ గదిలోకి రాకూడదు.

తమ్ముడికోసం
చివరి మాట దగ్గర ఆగిపోయాను. తమ్ముడు రోజుకు పది సిగరెట్ల దాకా తాగేవాడు. ప్రమాదం జరిగిన రోజు నుంచి మానేశాడు. ఇది సర్జన్‌కు చెప్పాలా?

సూక్ష్మదర్శిని
తప్పకుండా చెప్పాలి. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ఎముక అతుక్కోవడాన్ని, కుట్లు మానడాన్ని ఆలస్యం చేస్తుంది. ముందుగా నిర్ణయించుకున్న శస్త్రచికిత్స అయితే నాలుగు వారాల ముందే మానమంటాము. ప్రమాదాల్లో ఆ వెసులుబాటు ఉండదు. పది రోజులు మానడం కూడా లాభమే. ఇకపై ముట్టకూడదు, నమిలే పొగాకు కూడా వద్దు.

అత్తగారికోసం
మా అత్తగారికి మధుమేహం వల్ల మడమ మీద పుండు పడింది. తొడ ఫ్లాప్ వేస్తారేమోనని అడిగితే, స్కాన్ తీసి చూసి వద్దన్నారు. వయసు వల్లనే అనుకున్నాము. వేరే కారణం ఏదైనా ఉంటుందా?

సూక్ష్మదర్శిని
ఉండవచ్చు. తొడలోని పెద్ద ధమని పూడుకుపోయినవారిలో, మనం ఫ్లాప్ కోసం తీసుకునే ఆ కొమ్మే పక్కదారిగా మారి మోకాలి కిందికి రక్తాన్ని చేరుస్తూ ఉంటుంది. దాన్ని కోసి తీస్తే కాలికే ముప్పు. స్కాన్‌లో అది కనిపిస్తే వద్దనడమే సరైన నిర్ణయం. ముందు పూడికను తెరిచి రక్తప్రసారం పెంచి, ఆ తరువాత పుండు సంగతి చూస్తారు. వయసు ఒక్కటే అడ్డు కాదు.

రెండోపుట్టుక
కాలి గాయాల మధ్య నాది వేరే కథ, కానీ తొడ అదే. నాలుక క్యాన్సర్‌కు సగానికి పైగా నాలుక తీసేసి, తొడ చర్మంతో కొత్త నాలుక కట్టారు. నాళాలను మెడలో కలిపారు. తొడ మీద వెంట్రుకలు ఉన్నట్టే నోట్లో కూడా వెంట్రుకలు మొలిచాయి. రేడియేషన్ ఇచ్చాక చాలావరకు రాలిపోయాయి. కొత్త నాలుక రుచి చూడదు, తనంతట తాను కదలదు, మిగిలిన నాలుక దాన్ని మోసుకుని తిరుగుతుంది. అయినా ఈ రోజు ఫోన్‌లో మాట్లాడితే అవతలివారికి అర్థమవుతోంది, నోటితోనే తింటున్నాను. ఒక చిత్రమైన విషయం: నేను ఆరు కిలోలు బరువు పెరిగినప్పుడు నోట్లోని ముక్క కూడా లావెక్కింది. అది ఎక్కడ ఉన్నా తొడ కొవ్వే కదా.

చిన్నసందేహం
రెండోపుట్టుక గారూ, అక్కడ స్పర్శ ఏమైనా తెలుస్తుందా?

రెండోపుట్టుక
తొడ నుంచి చర్మంతో పాటు ఒక స్పర్శ నరాన్ని కూడా తీసి, నాలుక నరానికి కలిపారు. పది నెలల తరువాత వేడి, చల్లదనం కొద్దిగా తెలియడం మొదలైంది. ముందడుగు గారికి తొడ మీద స్పర్శ పోయింది అన్నారు చూడండి, ఆ నరమే ఇది.

పాతకాపు
అన్ని సందర్భాల్లోనూ ఇలా కోసి వేరే చోట కలపాల్సిందేనా?

సూక్ష్మదర్శిని
అవసరం లేదు. గాయం గజ్జలోనో, పొత్తికడుపు మీదో, తుంటి పక్కనో ఉంటే నాళాన్ని తెంచకుండా, కొమ్మకు వేలాడే కాయలా ఫ్లాప్‌ను సొరంగం గుండా తిప్పి వేస్తాము. మైక్రోస్కోప్ పని ఉండదు. రక్తం పారే దిశను తిరగేసి మోకాలి దాకా కూడా తేవచ్చు, అయితే అందులో సిర రక్తం నిలిచిపోయే ప్రమాదం కొంత ఎక్కువ.

నడకమాస్టారు
ఫిజియోథెరపీ వైపు నుంచి రెండు మాటలు. తొడ బలం పోతుందన్న భయం అందరికీ ఉంటుంది. ఫ్లాప్ నాళం పక్కనే బయటి వైపు కండను నడిపించే నరం కూడా దిగుతుంది. సర్జన్ దాన్ని కాపాడితే, చర్మం మాత్రమే తీసినవారిలో మోకాలిని చాచే బలం కొన్ని నెలల్లో దాదాపుగా తిరిగి వస్తుంది. కండ కూడా తీసినవారిలో కొంత ఎక్కువ సమయం పడుతుంది. ముందడుగు గారికి మూడు నెలల్లో వచ్చినది కొందరికి ఆరు నెలలు పట్టింది, వారిని సోమరులని అనుకోకండి. కుట్లు మరీ బిగుతుగా మూస్తే తొడలో నొప్పి విపరీతంగా పెరగవచ్చు. మందులకు లొంగని నొప్పిని ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి.

తమ్ముడికోసం
మీరందరూ రాసినవి కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఎడమ తొడ ఎందుకని అడిగితే, కుడి తొడ మీద ఉన్న పెద్ద చెక్కుడు గాయాన్ని చూపించారు. నేను రోజూ చూస్తున్నా దాని గురించి ఆలోచించలేదు. రాత్రి పూట గంటకొకసారి చూసే నర్సు ఉంటారని, మైక్రోసర్జరీ తెలిసిన డాక్టరు అదే భవనంలో పడుకుంటారని చెప్పారు. రెండుసార్లు గారూ, ఈ ప్రశ్న మీ వల్లనే అడగగలిగాను. అమ్మ సంతకం పెట్టింది. ఎల్లుండి ఉదయం ఆపరేషన్.

రెండుసార్లు
మీ తమ్ముడి మంచం పక్కన రాత్రి కూర్చునేవారికి రాత్రిడ్యూటీ గారి పోస్టును అచ్చు తీసి ఇవ్వండి.

తమ్ముడికోసం
తొమ్మిది గంటలు పట్టింది. రెండు సిరలు, ఒక ధమని కలిపారట. పదకొండు సెంటీమీటర్ల వెడల్పు కావాల్సి వచ్చింది కనుక తొడ మీద కొంత భాగానికి గ్రాఫ్ట్ వేశారు. మొదటి రాత్రి మూడు గంటలకు ఫ్లాప్ కొంచెం నీలంగా అనిపించి నర్సును పిలిచాను. ఆమె విసుక్కోకుండా వచ్చి, పొడిచి చూసి, ఎర్రటి రక్తమే అని చూపించారు. ఒక అంచున కట్టు బిగుతైందని కత్తిరించారు, పావుగంటలో రంగు మారింది.

రాత్రిడ్యూటీ
పిలవడం మంచిదైంది. అలాంటి పిలుపులు పది వచ్చి పదీ అనవసరమైనా నాకు సంతోషమే.

తమ్ముడికోసం
ఈ రోజు ఏడవ రోజు. ఫ్లాప్ వెచ్చగా ఉంది. రేపటి నుంచి కాలు కిందికి దించుతామన్నారు. ఇన్ని రోజులు ఎత్తులో ఉంచిన కాలిని దించితే ఏమవుతుందోనని భయంగా ఉంది.

నడకమాస్టారు
ఒక్కసారిగా దించరు. కాలికి మెత్తని సాగే కట్టు చుట్టి, మొదట ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు దించుతారు. దించినప్పుడు ఫ్లాప్ కొంచెం ఊదాగా మారడం సహజమే. కొత్త సిరల్లో రక్తం పైకి ఎక్కడం ఇంకా నేర్చుకుంటోంది. మళ్లీ ఎత్తగానే మామూలు రంగు రావాలి. వస్తే మరుసటి రోజు సమయం పెంచుతారు. రాకపోతే ఆ పూటకు ఆపేస్తారు.

తమ్ముడికోసం
ఐదు నిమిషాలు దించారు. ఊదాగా మారింది. ఎత్తిన తరువాత నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలు దాటకముందే తొడ రంగుకు వచ్చేసింది. అమ్మ మొదటిసారి ఆ ఫ్లాప్‌ను వేలితో తాకి చూసి, వెచ్చగా ఉందని చెప్పింది.